రంగు అంటుకున్న చోటు

ఈ గదిలో లైటు వెయ్యకూడదు.
తలుపుకి కట్టిన నల్లగుడ్డ సందులోంచి
మిర్చి యార్డు ఘాటు మాత్రం లోపలికొస్తుంది.
పగలు గుంటూరుకి నలభై రెండు.
ఆ ఎండ తగిలితే పూటలో చచ్చేవాటిని
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెంచుతున్నాను.

కణంలోకి కణాన్ని వదిలాను.
మన భాషలో రెంటికీ ఒకటే పేరు,
ఇల్లూ కణమే, ఇంట్లో దూరిన నలుసూ కణమే.
థీసిస్ రాసేటప్పుడు ఇదో తలనొప్పి.
ఈ చీకట్లో మాత్రం తప్పనిపించదు.

పొర లోపలికి సొట్టపడి
ఆకుపచ్చ చుక్కని మింగింది.
ఆ తర్వాత అది నడవలేదు, ఈదలేదు,
లోపలి దారాల మీద ఎవరో మోసుకుపోయారు.
కాస్త దూరం. ఆగడం. వెనక్కి రావడం.
మళ్ళీ ఒక్క ఉరుకు,
అరండల్‌పేటలో అడ్రసు మరిచిపోయిన ఆటోలా.
చివరికి అన్నీ కేంద్రకం పక్కన గుమిగూడాయి,
గోడ అవతలికి ఒక్కటీ పోలేదు.
పుల్లటి సంచుల్లో నానుతూ కూర్చున్నాయి.

మూడో రోజుకి
చుక్కలు చెదిరి, కణమంతా లేత ఆకుపచ్చ.
"అంతటా చేరాయి" అని రాసి
కింద రెండు గీతలు కొట్టాను.

తొమ్మిదింటికి సైదులు తాళాలు తెచ్చాడు.
పగలు యార్డులో హమాలీ, రాత్రి మాకు వాచ్‌మన్.
గడియ మీద అతని వేళ్ళు ఎర్రగా పడ్డాయి.
"ఎన్నిసార్లు కడిగినా ఇంతేనమ్మా.
దించిన బస్తా ఏ కోల్డ్ స్టోరేజీకి పోయిందో ఏమో,
రంగు మాత్రం నాతోపాటు ఇంటికొస్తది.
మా చంటిదాని బుగ్గకీ అంటుద్ది, ఒకటే ఏడుపు."

అతను వెళ్ళాక
నలుసులేమీ కలపకుండా
ఉత్త రంగే పోసిన గిన్నె తీసి
లెన్సు కింద పెట్టాను.
అదే లేత ఆకుపచ్చ.

బస్తా ఎక్కడ దిగిందో నాకు తెలీదు.
మూడు రోజులుగా నేను చూసింది
దారిలో ఊడి అంటుకున్న రంగునేమో.
దాన్నయినా ఎంతని చూస్తాను?
లేజరు వేసిన ప్రతిసారీ
నా చూపు కిందే వెలిసిపోతోంది.

రెండు గీతలూ కొట్టేసి, "రంగు కనిపించింది" అని మార్చాను.

తెర మూలన ఒక కణం
ఉండలా ముడుచుకుని, నడుము దగ్గర సన్నబడుతోంది.
ఉన్న కాస్తా చెరిసగం కాబోతోంది.
సైదులు మళ్ళీ తలుపు తట్టాడు.
ఇంకో పది నిమిషాలన్నాను.