దగ్గర్లో కూడలి ఏదండీ?

ఏటా అక్టోబరులో ఆ కవరు వస్తుంది.
కిటికీ కాగితం వెనక నా పేరు, ఒరీసియా హ్నాట్యుక్,
ఒక అక్షరం తప్పుతో. పదకొండేళ్ళుగా అదే తప్పు.
నూట ముప్పై రెండు డాలర్లు.
బండి దారిలో ఆగిపోతే మేమున్నాం, అంటుంది.
ఈ సస్కాచెవాన్ మట్టి రోడ్ల మీద
ఉండడమంటే ఏమిటో వాళ్ళకి తెలుసా అనుకుంటూ
బిల్లు మీద టీ కప్పు పెడతాను.

సరే, లెక్క వేద్దాం.
టపా బండి నాది. వారానికి ఐదు రోజులు,
రోజుకి నూట తొంభై కిలోమీటర్లు,
నలభై పెట్టెలు. నేను చేరిననాడు నూట ఆరు.
ఇన్నేళ్ళలో వాళ్ళని పిలిచింది మూడే సార్లు.
ఒకసారి తాళం లోపలుంచి తలుపేసుకున్నాను.
వాళ్ళొచ్చేలోగా కోటు హ్యాంగరుతో నేనే తీశాను.
ఒకసారి బ్యాటరీ. ఈస్టరు పూట. వచ్చాడు, అబద్ధమెందుకు,
మంచి కుర్రాడు, రొట్టె ముక్క పెడితే
నిలబడే తిని, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.
ఒకసారి జనవరి.

మైనస్ ముప్పై ఎనిమిది.
మంచు నేలబారున పాకుతోంది,
రోడ్డేదో పొలమేదో గాలికీ తెలియదు.
కుడి చక్రాలు గోతిలోకి జారాయి, మెల్లగా,
ఆవు పడుకున్నట్టు.
ఫోనులో ఒక పిల్ల, ఎక్కడి వెచ్చని గదిలోంచో,
"దగ్గర్లో కూడలి ఏదండీ?"
కూడలి లేదమ్మా.
"పోనీ ఏదైనా గుర్తు?"
కప్పు లేని ధాన్యపు కొట్టు ఉంది. ఇందాక కనబడింది.
"ఇంటి నంబరు?"
పద్నాలుగో సెక్షను, ఈశాన్యపు పావు, అన్నాను.
ఇక్కడ పుట్టినవాళ్ళకి అది చిరునామా.
ఆ పిల్లకి జాతకంలా వినిపించిందేమో,
చాలాసేపు టైపు చేసింది.
"మూడున్నర గంటలు పడుతుంది. లాక్కెళ్ళే దూరం
పరిమితి దాటితే..."
తెలుసు. దాటుతుంది.
ఇక్కడ అన్నీ దాటే ఉంటాయి.

డార్విన్ క్లాసెన్‌కి నేను ఫోన్ చెయ్యలేదు.
మంచు కాస్త తెరిపిచ్చినప్పుడు
వంటింటి కిటికీలోంచి చూశాడట,
రెండు హెడ్‌లైట్లు ఓ పక్కకి ఒరిగి,
ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు ఉండడం.
ట్రాక్టరు, గొలుసు, చెవుల మీదికి లాగిన టోపీ.
ఇరవై నిమిషాలు.
డబ్బు మాట ఎత్తడం మా దగ్గర మర్యాద కాదు.
మార్చిలో అతని ఆవు ఈనలేక అల్లాడిన రాత్రి
లైటు పట్టుకు నిలబడ్డాను, తర్వాత లైటు పక్కన పెట్టి
మోచేతుల దాకా నేనూ దిగాను.
లెక్క సరిపోయిందని ఇద్దరం అనలేదు.
సరిపోకూడదు.
సరిపోతే ఇక రానక్కర్లేదు కదా.

నిరుడు అతను భూమి అమ్మేశాడు.
కొన్నది కంపెనీ, పేరులో ఏదో పచ్చదనం.
వాళ్ళ ట్రాక్టర్లు విత్తడానికొస్తాయి, కోసుకుపోతాయి,
దారి వాటంతటవే వెతుక్కుంటాయి,
కిటికీలోంచి చూడవు.
క్లాసెన్ పెట్టె నలభై ఒకటోది.
ఇంటికొస్తూ లైట్లు లెక్కపెడతాను.
ఏడుండేవి. ఇప్పుడు రెండు.
అందులో ఒకటి మనుషుల్లేకపోయినా
చీకటి పడగానే దానంతటదే వెలుగుతుంది.

చెక్కు రాశాను. కప్పు తీసి చూస్తే
నూట ముప్పై రెండు చుట్టూ
సున్నా చుట్టినట్టు టీ మరక.

మొన్న పోస్టాఫీసులో మరిసెల్ అడిగింది,
మనీలా నుంచి బడికి కొత్తగా వచ్చిన టీచరు:
"ఆ మెంబర్‌షిప్ పనికొస్తుందా?"
తీసుకో, అన్నాను. పెద్ద ప్లానే తీసుకో,
చిన్నది ఊరి పొలిమేర దాటదు.
దుప్పటి, పార, కొవ్వొత్తి, ఇసుక సంచి పెట్టుకో.
పెట్రోలు సగానికి దిగనివ్వకు.
ఏమైనా సరే, బండి దిగి నడవకు.
నా నంబరు రాసుకో, క్లాసెన్ గొలుసు నా దగ్గరే ఉంది,
ట్రాక్టరు లేదనుకో, అది వేరే సంగతి.
వెళ్ళబోతుంటే ఆపి అడిగాను:
మీ వంటింటి కిటికీ రోడ్డు వైపేనా?
కాసేపు ఆలోచించింది.
"రోడ్డు వైపే. కానీ కర్టెను వేసే ఉంటుందండీ,
చలి కదా."