సుడి

గోస్‌పోర్ట్ రేవు వెనక సందులో మా నాన్న కుట్టుదుకాణం.
కిటికీ అద్దానికి ఎప్పుడూ ఉప్పుపొర.
పదమూడేళ్ల ఆంబ్రోస్ వెన్నింగ్ మేనత్తతో వచ్చిన రోజు
నేను బల్లకింద రాలిన సూదులేరుతున్నాను.
"ఎదిగే పిల్లాడు, చేతులు పొడుగ్గానే ఉంచండి" అందావిడ.
కొలతల పుస్తకంలో ఆ పేరుకి అదే మొదటి గీత.

తర్వాత జరీ.
ఒక పట్టీ. రెండు. రెంటి మధ్య సన్నంగా అర. మూడు.
పట్టీలు ఎవరైనా కుడతారు,
పైదాన్ని గుండ్రంగా తిప్పే ఆ సుడి దగ్గరే
చెయ్యి వణక్కూడదు.
నా పదహారో ఏట నాన్న దాన్ని నాకు వదిలేశాడు.

వెన్నింగ్‌కి సుడి ఉందనేవారు రేవులో:
మాల్టాలో జ్వరం అతన్ని దాటి పక్కమంచం ఎక్కిందట,
ఓడని ఒరుసుకుంటూ దొర్లిన మందుపాతర
ఎందుకో పేలలేదట.

నలభై రెండు, మార్చి.
మూడు పట్టీల కోటు ముర్మాన్స్క్ దారిలో మునిగింది,
టర్న్‌స్టోన్ ఓడతో పాటు.
అతను తేలాడు. నూట పదకొండు మంది తేలలేదు.
ఎవరిదో అరువు స్వెట్టర్‌లో వచ్చి చేతులు చాపాడు,
మణికట్టు ముప్పావు అంగుళం తగ్గింది.
"నాలుగు" అన్నాడు. పదోన్నతి.
కాసేపాగి,
"సుడి లేకుండా కుట్టగలవా, హెస్టర్?"

"రూలు ఒప్పుకోదండీ."

అతని వేలు బల్లమీద సుద్దపొడిలో
ఒక గుండ్రం గీసింది,
లోపలికి, ఇంకా లోపలికి,
నూనె తేలిన నీళ్లు మూసుకుపోయినట్టు.
తర్వాత అరచేత్తో తుడిచేసింది.

ఆ రాత్రి జరీ సుడి కింద, అస్తరు లోపల,
నల్లదారంతో నూట పదకొండు ముళ్లు వేశాను.
నాన్నకి చెప్పలేదు. బిల్లులో రాయలేదు.

ఆపైన వెడల్పు పట్టీ వచ్చింది, పతకాలొచ్చాయి,
బెర్ముడాలో జెండా, లండన్‌లో బల్ల,
తను నడిపిన ఓడల్ని తుక్కుకి పంపే కాగితాలమీద
తన సంతకమే.
కొత్తకోట్లకి కొలత ఇవ్వడానికి వచ్చేవాడు,
వాతావరణం గురించి మాట్లాడేవాడు.

నిన్న అతని మేనకోడలు మూట తెచ్చింది.
అడ్మిరల్ కోటు మ్యూజియం వాళ్లకి ఇచ్చేశారట,
ఇది పాతది, నాలుగు పట్టీలది,
నాటకాలవాళ్లు కొంటారేమో, కాస్త బాగుచేసి పెట్టమంది.

చెయ్యి తిరగేశాను.
జరీ నల్లబడింది గానీ సుడి చెదరలేదు.
లోపల ఒక్కచోటే అస్తరు అరిగి చిరిగింది,
బొటనవేలంత మేర.
ముళ్లు నున్నగా ఉన్నాయి, గులకరాళ్లలాగా.

"ఎంతవుతుంది?" అంటోంది ఆ అమ్మాయి.
నేనింకా లెక్కపెడుతున్నాను.