మెడపట్టీ

మెడపట్టీ తెల్లగా ఉండాలి.
పట్టు ఎంత నలిగినా కెమెరా ఊరుకుంటుంది,
మెడ దగ్గర మురికిని మాత్రం ఓర్చుకోదు.
అందుకే రోజూ తెల్లారకముందే లేచి
నిన్నటి పట్టీ విప్పేసి కొత్తది కుడతాను,
ముంగ్యొంగ్ కొండ కింద, అట్టగోడల రాజభవనంలో,
ఇస్త్రీపెట్టె పక్కన బార్లీ టీ చల్లారిపోతుండగా.

ఈ సీరియల్లో వాళ్ళిద్దరూ ముందు విడిపోయారు.
మంచు కరిగిపోతుందని
ఆఖరి భాగం జనవరిలోనే తీసేశారు.
యువరాజు గుర్రమెక్కి వెళ్ళిపోయాడు,
దొరసాని వాకిట్లో కూలబడి ఏడ్చింది,
ఇద్దరికీ అప్పటికి సరిగ్గా పరిచయం కూడా లేదు.
తొలిచూపు ఇంకా మిగిలే ఉంది.
దానికి చెర్రీలు పూయాలట.

ఇవాళ పధ్నాలుగో భాగం.
యువరాజు ఉత్తరాన్ని దాసి సొల్‌హ్యాంగ్
దొరసానికి అందించాలి. అందించదు.
తన మెడపట్టీలో పెట్టి కుట్టేసుకుంటుంది.
కాగితం మీద ఉన్నది ఒకటే ముక్క:
"ఉత్తరం ఇవ్వదు."

అసూయ, అన్నాడు దర్శకుడు.
రాసినావిడ సియోల్ నుంచి ఫోన్లో,
కాదు, దానికీ అతనంటే ప్రేమే, అంది.
"నా మీద కాక ఇంకెవరి మీద?" అన్నాడు
యువరాజు వేషగాడు నూడుల్స్ ఊదుకుంటూ.
అందరూ నవ్వారు.
దాసి వేషం కట్టిన మ్యోయిన్ నవ్వలేదు.
నాకు వీపు పెట్టి కూచుని,
"ఓక్‌బున్ పెద్దమ్మా, ఇది ఎందుకు దాచినట్టు?" అంది.

నా నోట్లో గుండుసూదులున్నాయి.
నోట్లో సూదులున్నవాళ్ళని
జవాబు చెప్పమని ఎవరూ తొందరపెట్టరు.

గురోలో కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ. నాకు పదిహేడేళ్ళు.
ఒక గదిలో ఆరుగురం,
పిల్‌రేకీ నాకూ కలిపి ఒక దుప్పటి.
దానికి చదువు రాదు.
బొగ్గుగనుల ఊరినుంచి దానికి ఉత్తరాలొచ్చేవి,
చదివిపెట్టేది నేను.
"పదో తారీకు చొంగ్యాంగ్ని స్టేషను
గడియారం కింద నిలబడతాను. వస్తే ఇద్దరం వెళ్ళిపోదాం."
ఆ రెండు వాక్యాలూ దాటేశాను.
మంచు గురించి చదివాను,
వాళ్ళమ్మ దగ్గు గురించి చదివాను,
చివర సంతకం కూడా చదివాను.

అతని మొహం నేను ఎన్నడూ చూడలేదు.
నల్లటివాడో తెల్లటివాడో నాకేం తెలుసు?
ఆ దుప్పటి ఒక్కదానికి మరీ పెద్దది, అంతే.
పదో తారీకు రాత్రి ఎప్పట్లాగే పిల్‌రే
చల్లటి కాళ్ళు నా వీపుకి ఆనించి నిద్రపోయింది.
నేను తెల్లవార్లూ కదల్లేదు.

సూదులు తీసి డబ్బాలో పెట్టి
మ్యోయిన్‌కి సగమే చెప్పాను.
"యువరాజుని మర్చిపో, తల్లీ.
దొరసాని లేచిపోతే
రేపు పొద్దున దీని చేతులు ఎవరి జడ వేస్తాయి?
అది ఆలోచించుకో."

షాట్‌లో అది ఏడవలేదు.
కుట్టు ముగించి, నాలాగే, దారం పళ్ళతో కొరికింది.
నిద్రపోతున్న దొరసాని జడ వైపు చూసి
విప్పబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకుంది.
దర్శకుడు కుర్చీలోంచి లేచిపోయాడు.
"అదీ! నాక్కావలసిన అసూయ అదీ!"
పోనీలెమ్మనుకున్నాను.

రాత్రి ఉతుక్కి వేసేముందు పట్టీ విప్పాను.
లోపల ఉత్తరం. విప్పి చూస్తే తెల్లకాగితం.
మెడ చెమటకి ఒక మూల మెత్తబడింది.
దాన్నీ ఇస్త్రీ చేసి, మడతల మీదే మడిచి,
పధ్నాలుగు అని రాసిన కవర్లో పెట్టాను.

పిల్‌రే అరవై దాటాక
రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది.
తప్పులతో మెసేజీలు పెడుతుంది,
"మోకాలు ఎల ఉంధి" అని.
పాత ఉత్తరాలు దాచుకుందో పారేసిందో
దాన్ని నేను అడగలేదు,
అదీ చెప్పలేదు.

నేను కుట్టే సీరియల్ ఒక్కటి వదలదు.
భాగం అయిపోగానే ఫోన్ చేసి
ఎవరు ఏం చేశారో, ఎందుకు చేశారో
తేలేదాకా పెట్టదు.
పధ్నాలుగోది జూన్‌లో వస్తుందట, శనివారం రాత్రి.
ఫోన్ మోగేసరికి
నా నోట్లో గుండుసూదులుంటే బాగుండు.