రెండు సమాన దొంతరలు

హల్ నగరంలో
చేపల రేవు వెనక, రైలు కట్టకు ఇవతల
స్కెల్టర్‌గేట్ అని ఒక వార్డు ఉండేది.
పదకొండు వీధులు, నాలుగు పబ్బులు, ఒక బడి.
ఆ బడి వ్యాయామశాలలోనే పోలింగు.
ప్రజాస్వామ్యానికక్కడ ఎప్పుడూ
పిల్లల తడి బూట్ల వాసన.
వేలికి సిరా చుక్క పెట్టరు.
తాడుకు కట్టిన పెన్సిల్ ఒకటి వేలాడుతుంది,
ఆ ఊళ్ళో దొంగిలించడానికి
ఇంకేమీ లేనట్టు.

విన్నీ గార్ఫోర్త్ నలభై ఎనిమిదేళ్ళు
ఆ బల్ల వెనక కూర్చుని పేర్లు కొట్టేసింది.
స్కేలు ఆనించి, మనిషికో గీత.

మొదట్లో పోటీయే లేదంటుంది.
హెబుల్‌వైట్ నామినేషన్ వేసేవాడు,
టోపీ తీసి మళ్ళీ పెట్టుకునేవాడు,
ఈలోపే గెలిచేవాడు.
ఎర్ర రిబ్బను కడితే కర్ర కుర్చీ కూడా నెగ్గుతుందని
ఆ వీధుల్లో వాడుక.
పోటీ ఉన్న ఏళ్ళలో మాత్రం
సగం మంది మగాళ్ళు ఐస్‌లాండ్ దగ్గర వలలు లాగుతుంటే
వాళ్ళ బదులు భార్యలు వేసేవాళ్ళు.
"ఎవరికేశావ్?" అని తిరిగొచ్చినవాడు అడిగితే
అన్ని ఇళ్ళలోనూ ఒకటే జవాబు:
"నువ్వు చెప్పినవాడికే."
చేపలో ఎన్ని ముళ్ళున్నాయో
మింగేదాకా ఎవరికి తెలుసు.

తర్వాత ఒక మే నెల. వాన.
డెబ్బై మూడో, నాలుగో. విన్నీకి ఏడాది జారిపోతుంది,
అంకె మాత్రం జారదు.
హెబుల్‌వైట్ పోయాడు.
ఆయన జాగా కోసం
ఐస్ ఫ్యాక్టరీ యూనియన్ నుంచి డోరిస్ మాకిండర్,
గడియారాలు బాగుచేసే లెనర్డ్ సడబీ.
అర్ధరాత్రి దాటాక బల్ల మీద
రెండు దొంతరలు, రెండు రొట్టెల్లా.
మూడుసార్లు లెక్కపెట్టారు.
ఆరువందల పదకొండు.
ఆరువందల పదకొండు.
ఎన్నికల అధికారి టీ కూజా వంపేసి
రెండు చీటీలు అందులో వేసి
కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాడు.
తేయాకు అంటుకుని పైకొచ్చింది: మాకిండర్.

సడబీ ఆమె చెయ్యి కలిపాడు. గొడుగు వెతుక్కున్నాడు.
గుమ్మం దగ్గర విన్నీతో అన్నాడు,
"నా ఓటు కూడా ఆమెకే.
నా పేరు మీద నేనే గుర్తు పెట్టుకోవడం
అద్దం ముందు టోపీ తీసి
నన్ను నేనే పలకరించుకున్నట్టు ఉంటుందమ్మా."
ఆ మాట విన్నీ కడుపులోనే ఉండిపోయింది.
డోరిస్ ఇరవై రెండేళ్ళు ఉంది ఆ కుర్చీలో.
పెరట్లో దొడ్లున్న ఇళ్ళకు స్నానాల గదులొచ్చాయి,
రైలు కట్ట కింద చీకటి దారికి దీపమొచ్చింది.
అన్నీ తేయాకు అంటిన చీటీ పుణ్యం.

రేవు మూతపడింది. పడవలు తుక్కుకు పోయాయి.
తొమ్మిదివందల మంది వేసేచోట నాలుగొందలు,
తర్వాత రెండొందలు చిల్లర.
గోడ మీది పిల్లులు కూడా
గోడ దిగి ఎటో వెళ్ళిపోయాయి.
ఏడింటికి తలుపు తీస్తే
తొలి ఓటరు పదకొండింటికి,
అదీ వానకు తలదాచుకోడానికి.

స్కేలు కింద పేర్లు మారాయి.
వోయ్‌చెహోఫ్‌స్కా అనడానికి
విన్నీ వంటింట్లో వారం సాధన చేసింది.
సడబీ కొట్టులో ఇప్పుడు రెబ్వార్ మంగలి కుర్చీ.
మొదటిసారి నిలబడితే డెబ్బై నాలుగు ఓట్లు.
రెండోసారి పోలింగు నాడు
కాగితం చేతిలో పట్టుకుని, సిగ్గుపడుతూ అడిగాడు:
"మనకు మనం వేసుకోవచ్చా?"
బల్ల వెనక కూర్చున్నవాళ్ళు
సలహాలు ఇవ్వకూడదు. రూలు.
"వేసుకో," అంది విన్నీ,
ఎంత గట్టిగా అంటే
గుమ్మం దగ్గర పోలీసు తల తిప్పాడు.

పద్దెనిమిది ఓట్లతో నెగ్గాడు.
ఏడాదిన్నర తిరక్కుండానే
ఎక్కడో ఒక ఆఫీసులో గీత గీశారు:
బేసి నంబర్ల ఇళ్ళు ఆ వార్డుకు,
సరి నంబర్లు ఈ వార్డుకు.
రెబ్వార్ కొట్టు అటు, ఇల్లు ఇటు.
స్కెల్టర్‌గేట్ ఇప్పుడు
బస్సు స్టాపు మీద తప్ప ఎక్కడా లేదు.

ఆఖరి రాత్రి విన్నీ
తాడు కోసి పెన్సిల్ తెచ్చుకుంది.
దానితో పాల లెక్క రాస్తుంది.
ముక్కు విరిగితే
బంగాళాదుంపల కత్తితో చెక్కుతుంది,
తడబడితే
మూడుసార్లు లెక్కపెడుతుంది.