రాళ్ల బల్ల దగ్గర

పది గంటలకు తలుపులు తెరుస్తాం.
తొమ్మిదిన్నరకే నా గొంతులో మిరియాల పాలు,
మెడలో బిళ్ల: హుసేనమ్మ, ముఖ్య వ్యాఖ్యాత.
పిల్లలెవరూ దాన్ని చదవరు.
వాళ్లకు నేను 'ఓ మేడమ్'ని,
కొందరికి 'అత్తా'ని.
ఒకసారి పొరపాటున 'అమ్మా' అని పిలిచి
నాలుక కరుచుకున్న ఒక పాప ముందు
రోజంతా ఏమీ విననట్టు తిరిగినదాన్ని.

కొత్తగా చేరినవాళ్లకు నేను నేర్పేది తక్కువే.
మోకాళ్ల మీద కూర్చోండి,
మీ కళ్లు వాళ్ల కళ్లకు సమంగా రావాలి.
ప్రశ్న అడిగాక పదంకెలు లెక్కపెట్టండి, లోపల.
ఏడో అంకె దగ్గర భయమేస్తుంది,
నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మూయండి.
కంబగిరి ఇంకా నాలుగు దాటలేడు.
బియస్సీ ఫస్టు క్లాసు.
తెలిసింది ఆగదు వాడి దగ్గర, చిల్లుకుండలో నీళ్లు.

గోడ మీద నీలం గీత
తుంగభద్ర మా కర్నూల్లోకి వచ్చిన ఏటిది.
పిల్లలు దాని కింద నిలబడి చేతులు చాస్తారు,
ఎగురుతారు, ఒకడి భుజాలు ఒకడెక్కుతాడు.
అందదు. నాకూ అందదు.
ఆ రాత్రి మేడ మీద నేనేం చూశానో
ఈ ఉద్యోగంలో ఎప్పుడూ చెప్పలేదు.
"ఇక్కడిదాకా నీళ్లు" అంటాను.
పదంకెలు లెక్కపెడతాను.

జూన్ నెలాఖరు. వాన పడి వెలిసిన మర్నాడు
తుగ్గలి వైపు నుంచి ఒక బస్సు.
నలభై మంది రావలసింది, ఇరవై ఆరుగురే దిగారు.
అయ్యవారు చెప్పులు చూసుకుంటూ అన్నాడు:
"వాన పడింది గదా మేడమ్.
మిగతావాళ్లు చేన్లల్లోకి పోయినారు, వజ్రాలకు."

బల్ల మీద నలభై రెండు రాళ్లు.
బేతంచెర్ల నాపరాయి, ఇసకరాయి, పలుగురాయి.
అన్నిటికీ కలిపి నా దగ్గరొక కథ ఉంది,
పన్నెండు నిమిషాలది,
పిల్లలు ఎక్కడ నవ్వుతారో కూడా తెలిసినది.
"ఈ రాయిని చూస్తే మీకేమనిపిస్తోంది?"
ఒకటి. రెండు. మూడు.
నాలుగు దగ్గర ఒక పిల్లోడు పలుగురాయి ఎత్తి
నాకాడు.
"ఛీ ఛీ" అని కంబగిరి చెయ్యి చాచాడు.
నేను వాడి మోచెయ్యి పట్టుకున్నాను.

పిల్లోడు రాయిని కిటికీ వైపు, ఎండకెత్తి
ఒక కన్ను మూసి
వేళ్ల మధ్య కొంచెం కొంచెంగా తిప్పాడు.
కంసాలి కూడా అంత నింపాదిగా తిప్పడు.
"కాదు," అన్నాడు. పెట్టేశాడు. ఇంకోటి ఎత్తాడు.

"ఎట్ల తెలుస్తాది?" అడిగింది నేనే.
"పొడిగా ఉంటే అన్ని రాళ్లూ అబద్ధమే చెప్తాయి మేడమ్.
తడిపితే దాంది దానికి బయటపడతాది.
పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడే చూడాల.
నడినెత్తిన ఉంటే గాజుపెంకు గూడా మోసం చేస్తాది.
మాయమ్మ వంగి నడుస్తాది, నేను ఎనకాల.
మాయమ్మకు కనపడంది నాకు కనపడాల.
అదీ మా లెక్క."
ఎన్ని దొరికినాయిరా అని ఎవరో అడిగారు.
"ఒగటీ లేదు."
ఇంట్లో ఉప్పు లేదన్నంత మామూలుగా.

వాడి చుట్టూ ఇరవై ఐదుగురు మోకాళ్ల మీద.
నేనూ, కంబగిరీ, చివరికి అయ్యవారూ.
పన్నెండు నిమిషాల కథ ఎవరూ అడగలేదు.
నేనూ గుర్తుచేయలేదు.

బస్సెక్కేటప్పుడు పేరడిగాను. ఉరుకుందు.
మెడలో బిళ్ల తీసి వాడికి వేద్దామనిపించింది.
నాటకంలా ఉంటుందని మానుకున్నాను.
చెయ్యి ఊపాను, అంతే.

సాయంత్రం రాళ్లను డెట్టాలు నీళ్లతో కడిగి
వాచ్‌మన్ మద్దిలేటి లెక్కపెట్టాడు. నలభై మూడు.
మళ్లీ లెక్కపెట్టాం. నలభై మూడు.
బల్ల అంచున, చిటికెనవేలి గోరంత, తేనెరంగుది,
ఒక పక్కన ఎర్రమట్టి ఇంకా వదలనిది.

తక్కువైతే రిజిస్టరులో గడి ఉంది: 'పోయినవి'.
ఎక్కువైతే రాయడానికి గడి లేదు.

తడి రాయితో కిటికీ దగ్గరికి వెళ్లాను.
పొద్దు కొండారెడ్డి బురుజు పక్కకు ఒరిగి ఉంది,
సరిగ్గా ఏటవాలుగా.
కంబగిరి వచ్చి పక్కన నిలబడ్డాడు.
ఏదో చెప్పబోయి ఆగాడు.
రాయిని తిప్పుతూ లోపల లెక్కపెడుతున్నాను.
వాడి పెదవులూ కదులుతున్నాయి.
ఎనిమిది.
తొమ్మిది.