ఫర్వానియాలో వెతుకులాట

లింబాద్రి పద్నాలుగేళ్ల లెక్క నా బల్లమీద ఉంది.
కంపెనీ ఆరేళ్లే అంటోంది.

కంప్యూటర్‌ని అడిగాను.
టీ మీద మీగడ కట్టేలోపు నలభై ఒక్క తీర్పులు
చేపల బుట్ట బోర్లించినట్టు పోసింది.
ఏది బతికుందో, ఏది చచ్చిందో చెప్పదు.

సామియా మేడం నవ్వి
బీరువా పైనుంచి పాత గెజిట్ దింపింది.
కుడినుంచి ఎడమకు నడిచింది
బియ్యంలో రాళ్లు ఏరే వేలు.
రెండు గంటలకి ఒక్క మాట:
ఇంగ్లీషులో ‘కాంట్రాక్టు’ అన్నచోట
అరబ్బీలో ‘పని’ అని ఉంది.
కంపెనీ పేరు రెండుసార్లు మారింది,
పని మారలేదు.

మరి దానికి సాక్ష్యం?

కోర్టు బయట టైపు కొట్టే రాయచోటి బాషా
తల కూడా ఎత్తలేదు:
"అన్నీ ఎతికినారు గాని, ఆయప్పను అడిగినారా?"

అడిగాను.
టిఫిన్ డబ్బా సంచి అడుగునుంచి
నూనె మరకల నోటుబుక్కు తీశాడు లింబాద్రి.
రోజుకో గీత, ఐదోది అడ్డంగా.
"జీతం రాని దినాలు ఎర్రపెన్నుతోని గీసిన సార్."

లెక్కపెడుతూ కూర్చున్నాం.
మగ్రిబ్ అజాన్ వినబడింది.
మేమింకా నాలుగో ఏట్లోనే ఉన్నాం,
ఎరుపులో.