తుమ్ము

బ్రాడీపేట నాలుగో లైనులో
జిరాక్సు షాపు మీద రెండో అంతస్తు.
కింద కాగితాలు వేడివేడిగా బయటికొస్తుంటే
పైన మేం పదకొండుమందిమి
మూతి సున్నాలా చుట్టి 'ఈ' అంటున్నాం.
"ఈల వేయబోతే ఏడుపొచ్చినట్టు" అనేవాడు బాజీ సారు,
"అదీ ఆ అక్షరం."
జర్మనీ ఆయన చూడలేదు.
నరసరావుపేట దాటితే
ఆయనకి బస్సు పడదు.

ఆ భాషలో బల్ల మగది, దీపం ఆడది,
పిల్ల మాత్రం రెండూ కాదు.
ఇదేం న్యాయం సార్, అని లేచాను.
ఆయన బోర్డు మీద తెలుగులో రాశాడు:
బస్సు వచ్చింది.
గేదె వచ్చింది.
మీ అమ్మ వచ్చింది.
రాసి, సుద్ద చేతులు దులుపుకున్నాడు.
ఇరవై రెండేళ్ళుగా ఆ 'ది'ని
నోట్లో పెట్టుకుని తిరుగుతున్నానని
పరాయి భాష వచ్చి చెప్పిందాకా తెలీలేదు.

మా అమ్మ మరియకుమారి
మిర్చి యార్డు వెనక షెడ్డులో తొడిమలు తీస్తుంది.
కిలోకింతని.
రాత్రిళ్ళు నా ఫారాలు చదివించుకునేది
చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుని,
ఆ ఘాటు కాగితానికంటితే
అక్కడి ఆఫీసరు కళ్ళు మండుతాయేమోనని.

బ్యాంకులో ముందే కట్టి చూపాల్సిన డబ్బులో
సగం లోను, పావు డ్వాక్రా,
మిగతాది సైదమ్మ పిన్ని గాజులు.
వీసా అంటారా,
తుమ్మితే ఊడే ముక్కు.

బయల్దేరిన రోజు
గుమ్మంలో తుమ్మింది అమ్మే.
రోజూ బైబిలు చదువుతుంది గానీ
తుమ్ము దగ్గర మాత్రం పాత దేవుళ్ళే.
"కూర్చో. మంచినీళ్ళు తాగి వెళ్ళు."
హైదరాబాదు బస్సు అయిదుంబావుకి.
"ఇది గుంటూరమ్మా" అన్నాను,
"తుమ్మినప్పుడల్లా ఆగితే
ఈ ఊళ్ళోంచి ఒక్కడూ ఎక్కడికీ వెళ్ళలేడు."
అయినా కూర్చున్నాను.
తాగాను.
బస్సుని ఆటోలో తరిమి
చుట్టుగుంట దగ్గర పట్టుకున్నాం.

ఇక్కడ నవంబరు. నాలుగింటికే చీకటి.
బేకరీ ఆవిడకి ఇంగ్లీషు రాదు,
నా వాక్యం చివర క్రియ కోసం
ఓపిగ్గా ఎదురుచూస్తుంది.
క్రియ చివర రావడం నాకలవాటే, తెలుగుదాన్ని.
ముందున్నవే జారిపోతాయి.
హాస్టలు గదిలో జలుబు చేసి
నేనే తుమ్మి, నేనే చిరంజీవ అనుకున్నాను.
అది సామెతనుకునేదాన్ని.
ఎవరో ఒంటరిగా అద్దె కట్టుకుంటూ
చేసిన మాటని ఇప్పుడు తెలిసింది.

ఒకరోజు ట్రాములో తుమ్మాను.
ఎదుటి ముసలాయన పేపరు దించకుండానే
గెజుంట్‌హైట్ అన్నాడు.
ఆరోగ్యం, అని. అంతే.
మూడు వారాల్లో
నేను అడక్కుండా నాతో ఎవరైనా అన్న మొదటి మాట.
దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

మర్నాడు ఫోనులో అమ్మ తుమ్మింది.
ఆ మాట అన్నాను.
"ఏందే అది? గిజిగాడా?"
"గెజుంట్... సరే, గిజిగాడే."
"తుమ్ముకి పిట్ట పేరు పెట్టారా?"
చెప్పాను.
వెనక షెడ్డు హోరు. కాసేపు అమ్మ లేదు.
"అయితే ఆగమనరా వాళ్ళు?"
"ఆగమనరు."
"ఊఁ" అంది.
ఆ ఊఁ ఏ లింగమో బాజీ సారు కూడా చెప్పలేడు.

నిన్న సైదమ్మ పిన్ని వీడియో పెట్టింది.
ఎర్రటి గుట్టల మధ్య
ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ముఖాలు.
ఎవరో తుమ్మారు.
నలభైమంది ఆడవాళ్ళు
తలెత్తకుండా, చెయ్యి ఆపకుండా,
"గిజిగాడు!"
ఇంకో తుమ్ము. "గిజిగాడు!"
నవ్వుకి ఫోను ఊగింది.
ఊగిన ఫోనులో, ఓ మూల,
నీళ్ళ సీసా మూత తిప్పుతూ అమ్మ.